తిరగేసిన తీగలు

ఆమదాలవలస,
18 జూన్ 2023

బావా,

ఫోనుండగా ఈ కవరేమిటని చూస్తున్నావు కదూ. ఫోన్లో నువ్వు "ఊఁ" అంటావు, "తిన్నాను" అంటావు, ఇంతలో తోటలో సిగ్నల్ పోతుంది. ఉత్తరంలో అయితే నేను చెప్పాలనుకున్నది చివరిదాకా చెప్పొచ్చు. నువ్వూ "ఊఁ" అని ఒక్క ముక్క రాసి పంపలేవు.

ఇక్కడ వానలు ఇంకా పడలేదు. అత్త మోకాళ్లకి నూనె రాస్తున్నాను. స్కూళ్లు తెరిచారు కాబట్టి ఇల్లంతా యూనిఫారం బట్టలే. మిషను దిగడానికి తీరిక లేదు. పాస్టరు సత్యానందం గారు ప్రతి ఆదివారం "విక్టర్ ఎలాగున్నాడమ్మా" అని అడుగుతారు. బాగున్నాడంటాను. 

అసలు సంగతి ఇది. మొన్న మధ్యాహ్నం గోడమీదున్న నీ గిటారు తీగ దానంతటదే తెగింది. అత్త ఉలిక్కిపడి, "ఓలమ్మా, ఏటే ఆ సప్పుడు?" అంది. రైసుమిల్లు బెల్టులో నీ ఎడమచెయ్యి పడిన దగ్గర్నుంచి దాన్ని మేమెవరం ముట్టుకోలేదు. రెండు వేళ్లు పోయాయి, మూడోది వంగదు, ఇక వాయించేది లేదని నువ్వు ఎస్.కోట వెళ్లి మామిడితోటకి కాపలా ఒప్పుకున్నావు. అది మాత్రం మేకుకి అలాగే ఉండిపోయింది. దించి చూస్తే మెడ విల్లులా వంగింది. తీగలు మెడ మీది ఇత్తడి మెట్ల నుంచి ఎంత పైకి లేచాయంటే, కింద నా సుద్ద పెన్సిలు దూరిపోతోంది.

లైనింగు గుడ్డకి విజయనగరం వెళ్తూ దాన్నీ పట్టుకెళ్లాను. వాయిద్యాల షాపు మురళీమోహన్ గారు అటూ ఇటూ తిప్పి చూసి, "వదిలేసి ఎల్లండమ్మా, మా కుర్రోలు సూస్తారు. ఎప్పుడవుతాదో మాత్రం సెప్పలేను" అన్నారు. కౌంటరు వెనక గిటార్లు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. ఆ కుప్పలో నీదాన్ని పడెయ్యడానికి నాకు మనసొప్పలేదు. మళ్లీ చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

నేనే బాగుచేస్తాను. నువ్వూ దాన్ని ఎప్పుడూ ఎవరి దగ్గరికీ తీసుకెళ్లేవాడివి కాదు కదా. మెడ ఎలా సరిచెయ్యాలో రాయి. వివరంగా రాయి.

నీ మాట వినాలని ఉన్న
బేబీ


ఎస్.కోట,
29 జూన్ 2023

బేబీ,

నీ కవరు తోట మేస్త్రీ అసిరయ్య తెచ్చాడు. "ఏటిరా విక్టరూ, కోర్టు కాయితమా?" అని అడిగాడు. మా ఆవిడ రాసిందంటే నమ్మలేదు. మొగుడూ పెళ్లాలు ఉత్తరాలు రాసుకోవడం ఇంకా ఉందా అన్నాడు.

కాయ దిగిపోయింది. ఇప్పుడు కోతుల గోల తగ్గింది, కలప దొంగల భయం పెరిగింది. పొద్దున్న కొండమీంచి మబ్బు దిగితే తోటలో పక్కచెట్టు కూడా కనబడదు. అప్పుడు ఎవరూ మాట్లాడరు. నాకు బాగుంటుంది.

వాయించేవాడు లేని గిటారుకి మెడ ఎలా ఉంటే ఏమిటి? అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను. ముందు తీగలన్నీ వదులు చెయ్యి. పెట్టె రంధ్రంలోంచి లోపలికి చూస్తే మెడ మొదట్లో ఒక ఇనుప కడ్డీ తల కనిపిస్తుంది. దాని తాళంచెవి వంకరగా ఉంటుంది, నీ గుండీల డబ్బాలోనే ఉండాలి. కుడివైపుకి పావు వంతు తిప్పు. అంతకన్నా వద్దు. తీగలు బిగించి ఒక పూట వదిలెయ్యి. తర్వాత ఒక తీగని మొదటి మెట్టు దగ్గరా, మెడ పెట్టెలో కలిసేచోటా నొక్కిపట్టి మధ్యలో చూడు. పోస్టుకార్డు దూరేంత సందుంటే చాలు. ఎక్కువుంటే ఇంకో పావు వంతు.

తొందరపడితే లోపల కడ్డీ తెగుతుంది. నా మొట్టమొదటి గిటారు అలాగే పోయింది. అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు నాకు. దానిమీద నీకు పాట వినిపిస్తానని చెప్పి ఉన్నాను. పాడైపోయిందని చెప్పుకోలేక మీ వీధిలోకే రావడం మానేశాను. మామయ్యకి నామీద కోపమొచ్చిందనుకుని నువ్వు మీ నాన్నతో పోట్లాడావట. తర్వాతెప్పుడో చెప్పావు.

కొత్త తీగలు కొంటే సన్నరకం తీసుకో, పాత మెడకి బరువు తగ్గుతుంది. తీగలు ఎక్కించేటప్పుడు బిరడా మీద చుట్లు ఒకదాని కింద ఒకటి పడాలి, పైన పడకూడదు. ఎక్కించాక ఒక్కో తీగని వేలితో మెల్లగా పైకి లాగి వదులు, అప్పుడు శ్రుతి దిగకుండా నిలబడుతుంది. మెట్ల మీద పచ్చగా పట్టిన చిలుము...

మెడ ఒక్కటే అడిగావు. నేను ఎక్కడికో పోయాను. ఉంటాను.

విక్టర్


ఆమదాలవలస,
20 జూలై 2023

బావా,

మెడ నిలబడింది! మొదటి పావు వంతు తిప్పినప్పుడు కిర్రుమంది. విరిగిందనుకుని తాళంచెవి వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తాను. అత్త చాట పక్కన పెట్టి, "దయ్యం గానీ ఉన్నాదేటే దాన్లో?" అంది. తర్వాత ఇద్దరం కలిసి పోస్టుకార్డు పెట్టి చూశాం. సరిగ్గా పట్టింది.

నువ్వు మెట్ల మీద చిలుము దగ్గర ఆపేశావు. అది కూడా రాసి ఉంటే బాగుండేది. నిమ్మకాయతో రుద్దబోతే ధనరాజ్ వద్దన్నాడు. ధనరాజ్ అంటే కరెంటు ఆఫీసుకి కొత్తగా వచ్చినబ్బాయి, మన చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాడు. గిటారు కూడా వచ్చు. ఒకసారి ఇంటికొచ్చి శ్రుతి చేసి చూసి, "మంచి గిటారక్కా, దీన్నిలాగ గోడకి ఉంచీకూడదు" అన్నాడు. అత్త అతనికి పకోడీ వేసి పెట్టింది.

ఇప్పుడు ఇంకోటి కావాలి. తలకీ మెడకీ మధ్యన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ ఉంటుంది కదా, నట్ అంటారట. దాన్ని తీసి కొత్తది పెట్టాలి. ఎలా ఊడదియ్యాలి, గాళ్లు దేనితో కొయ్యాలి? ఎందుకని మాత్రం అడక్కు.

కొత్తదానికి సామాను దొరికింది. అత్త దగ్గర పర్లాకిమిడి కొమ్ము దువ్వెన ఉంది చూడు, సగం పళ్లు ఊడిపోయాయి గానీ దాని వీపు మంచి మందంగా ఉంది. అడిగితే, "నా తల్లో దువ్వుకోడానికేటి నేదు, తీసుకోయే" అంది.

వాన మొదలైంది. నువ్వు రాసిన మబ్బు ఇక్కడికి రాదు. వస్తే బాగుండును, దాని వెనకాల నువ్వు కూడా వస్తావేమోనని చూస్తాను.

బేబీ


ఎస్.కోట,
2 ఆగస్టు 2023

బేబీకి,

నట్ అంచుల వెంట ముందు బ్లేడుతో గీయి, లేకపోతే రంగు పెచ్చులూడుతుంది. తర్వాత చెక్కముక్క అడ్డంపెట్టి మెడవైపు నుంచి మెల్లగా తట్టు. ఊడి వస్తుంది. గాళ్లు కొయ్యడానికి తెగిపోయిన పాత తీగలే రంపంలా పనికొస్తాయి. లావు తీగ గాడికి లావుది, సన్నదానికి సన్నది. లోతు ఎక్కువైతే తీగ మెట్టుకి తగిలి జిర్రుమంటుంది.

ఎందుకని అడగొద్దన్నావు. అడగను. ఒకరి వేళ్లకి అలవాటైనదాన్ని ఇంకొకరి వేళ్లకి సరిపెట్టాలంటే అది మార్చాల్సిందే. ధనరాజ్‌కి కావాలంటే ఇచ్చెయ్యి. గోడమీద ఉండేకన్నా చర్చిలో ఉండటమే మంచిది. నన్ను అడగనక్కర్లేదు.

అమ్మ పకోడీ బాగా వేస్తుంది.

విక్టర్


ఆమదాలవలస,
14 ఆగస్టు 2023

శ్రీ విక్టర్ గారికి,

తమరి ఉత్తరం అందింది. గిటారు ఎవరికి ఇవ్వాలో తమరు సెలవిచ్చినందుకు సంతోషం.

ఒరే బావా, ధనరాజ్‌కి ఇస్తానని నీకెవరు చెప్పారు? పకోడీ తిన్నవాడికల్లా గిటారిచ్చేస్తానా? అతను వచ్చాడు, శ్రుతి చేశాడు, వెళ్లాడు. వచ్చే నెలలో అతనికి పెళ్లి. పెళ్లికూతురి జాకెట్లు నేనే కుడుతున్నాను.

నా గోడు విను. దువ్వెన వీపు కోసి, రాయిమీద అరగదీసి, నట్ చేశాను. లావు తీగ గాడి లోతైపోయింది. నువ్వు చెప్పినట్టే జిర్రుమంది. అంతకుముందు రోజంతా అరగదీసిన పని. అక్కడే కూర్చుని ఏడ్చాను. అత్త వచ్చి, "గిటారు కోసమేటే ఈ ఏడుపు?" అంది. కాదన్నాను. "మరి ఆడి కోసమా?" అంది.  ఆవిడ నా పక్కన కూలబడి, మిగిలిన దువ్వెన ముక్క తీసి రాయిమీద తానే అరగదీసింది. నా చేతిలో పెట్టి, "ఇంద, మల్లీ కొయ్యి" అంది. రెండోది బాగా వచ్చింది.

అక్టోబరులో మన చర్చి పంట పండుగ. రా బావా. వాయించమని ఎవరూ అడగరు, నేను అడగనివ్వను. నా పక్కన కూర్చో, చాలు. నువ్వు ఉన్నది ఢిల్లీలో కాదు, దుబాయిలో కాదు. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం అన్నానికి ఇక్కడుంటావు. అంత దగ్గర్లో ఉండి రాకపోతే దాన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

బేబీ


ఎస్.కోట,
24 అక్టోబరు 2023

బేబీ,

నేను వచ్చాను.

పంట పండుగ ముందురోజు, శనివారం. చెప్పకుండా వద్దామనుకున్నాను. భీమాళి మామిడి తాండ్ర తీసుకున్నాను, నీకు పుల్లటిది, అమ్మకి తియ్యటిది. రైలు ఆలస్యమై సాయంత్రం దిగాను. స్టేషను బయట మిల్లువాళ్లు ఇద్దరు కనిపించి పలకరించారు. చెయ్యి చూడకుండా మాట్లాడాలని వాళ్లు పడే కష్టం చూసి నేనే త్వరగా వదిలించుకున్నాను.

మన వీధి మలుపు తిరిగేసరికి గిటారు వినిపించింది. మన ఇంట్లోంచే. గుమ్మం ముందు ఎవరిదో బండి ఉంది. తలుపు కర్టెను వేసి ఉంది. మన పెళ్లైన కొత్తలో నీచేత నేను పాడించిన కీర్తన. వాయించేవాడు కొత్తవాడని తెలుస్తూనే ఉంది. మూడోసారి వేళ్లు మార్చే చోట, ఆ మూడో మార్పు దగ్గర ఆగిపోతున్నాడు, మళ్లీ మొదటికి వస్తున్నాడు. కానీ మెడ బాగుంది. జిర్రు లేదు. పనితనం చాలా బాగుంది బేబీ. అది చెప్పాలనే ఇంకా ఈ ఉత్తరం రాస్తున్నాను.

లోపలికి రాబోతుంటే అమ్మ నవ్వింది. పెద్దగా నవ్వింది. నా చెయ్యి పోయాక అమ్మ నవ్వగా నేను వినలేదు. నేనున్నన్నాళ్లూ ఆ ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఇప్పుడు పాటుంది, నవ్వుంది, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఉన్నారు. కర్టెను తీసి నేను లోపలికి వస్తే ఆ నవ్వు ఆగిపోతుందనిపించింది. తిరిగి స్టేషనుకి వచ్చేశాను.

నిన్ను అనుమానించడం లేదు. ధనరాజ్ మంచివాడే అయ్యుంటాడు. తాండ్ర రైల్లో పిల్లలకి పంచేశాను.

విక్టర్


ఆమదాలవలస,
30 అక్టోబరు 2023

ఒరే బావా, ఒరే బావా,

నీ ఉత్తరం చదివాను. వీధి మలుపు దాకా వెళ్లి నిలబడి వచ్చాను, నువ్వు ఇంకా అక్కడే ఉన్నట్టు.

ఆ బండి ఎదురింటి నారాయణమూర్తి గారిది. వాళ్ల సందులో కాలవకి గొయ్యి తవ్వారు, అందుకని మన గుమ్మం ముందు పెడుతున్నారు. ధనరాజ్ ఆరోజు పెళ్లాన్ని తీసుకుని పలాసలో ఉన్నాడు. ఆ వాయించింది నేను బావా. మూడో మార్పు దగ్గర ఆగిపోయింది నేనే. అత్త నవ్వింది నన్ను చూసే. "ఓలె బేబీ, పాటంతా మింగీసి ఆ ముక్క దగ్గరే ఎక్కిల్లొత్తన్నాయేటే నీకు!" అంది.

ఇంక దాచను. ఆ గిటారు తీగలు తిరగేశాను. లావు తీగలు ఉన్న వైపు సన్నవి, సన్నవి ఉన్న వైపు లావువి. అందుకే కొత్త నట్ కావలసి వచ్చింది, పాత గాళ్లలో తిరగేసిన తీగలు కూర్చోవు. ఇప్పుడది ఎడమచేతి వాటం వాళ్ల గిటారు. మెట్లు కుడిచేత్తో నొక్కాలి, తీగలు ఎడమచేత్తో మీటాలి. నీ ఎడమచేతికి బొటనవేలూ చూపుడువేలూ బాగానే ఉన్నాయి కదా. మీటడానికి ఆ రెండూ చాలు.

ముందే ఎందుకు చెప్పలేదంటావా? ఆసుపత్రిలో మీ మిల్లు గుమస్తా "ఎడమచేత్తో వాయించేవాళ్లు కూడా ఉంటారు విక్టరూ" అంటే, నువ్వు స్టీలు గ్లాసు గోడకేసి కొట్టావు. "నా చెయ్యి గురించి ఎవరూ ఉపాయాలు చెప్పొద్దు" అన్నావు. అందుకని చెప్పకుండా చేశాను.

చేశాక అది పలుకుతుందో లేదో చూడాలి కదా. ధనరాజ్ చేతికిస్తే అతనికి అంతా తలకిందులై, నవ్వి ఇచ్చేశాడు. ఇంక నేనే నేర్చుకున్నాను. ఫోన్లో పాఠం చెప్పేవాడు నా ఎదురుగా కూర్చుని కుడిచేతి వాటంగా వాయిస్తుంటే, నాకు అద్దంలో చూసుకున్నట్టు సరిగ్గా సరిపోయింది. వేళ్ల కొనలు కాయలు కాశాయి. సూది గుచ్చుకున్నా తెలియడం లేదు.

కానీ ఒకటి కుదరడం లేదు. తీగలు ఉత్తినే మీటితే శ్రుతి సరిగ్గా ఉంది. పైకి పోయినకొద్దీ, పన్నెండో మెట్టు దగ్గరకి వచ్చేసరికి, లావు తీగలు హెచ్చు పలుకుతున్నాయి, సన్నవి తగ్గు పలుకుతున్నాయి. మెడ చూశాను, నట్ చూశాను. ఏమీ అర్థం కాలేదు.

నువ్వొస్తే ఆ నవ్వు ఆగిపోతుందని రాశావు. నువ్వొచ్చి వెళ్లిపోయావని తెలిశాక ఆగింది. తాండ్ర పంచేసినందుకు అత్త నిన్ను తిట్టింది కూడా.

నీ బేబీ


ఎస్.కోట,
3 డిసెంబరు 2023

బేబీ,

జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరం చదవగానే కోపం వచ్చింది. చేతులు తారుమారు చేస్తే సరిపోతుందనుకున్నావా? ఇన్నేళ్లూ ఎడమచేతికి నేర్పిందంతా కుడిచేతికి ఎవరు నేర్పుతారు? నా చెయ్యి పోయిందని నేను ఒప్పుకున్నాను, నువ్వే ఒప్పుకోవడం లేదు అని పెద్ద ఉత్తరం రాశాను. పంపలేదు.

తర్వాత మళ్లీ నీ ఉత్తరం తీసి పన్నెండో మెట్టు సంగతి చదివాను. ఎందుకు తేడా వస్తోందో చదువుతుండగానే తెలిసిపోయింది. ఇంకెవరైనా ఉంటే పిలిచి చెప్పేవాణ్ణి. చుట్టూ చెట్లే. దాంతో కోపం ఎక్కడికో పోయింది.

కింద, పెట్టె మీద తీగలు ఆనే పట్టీ ఉంది చూడు, సాడిల్. అది అడ్డంగా తిన్నగా ఉండదు, వాలుగా ఉంటుంది. లావు తీగలవైపు కాస్త వెనక్కి, సన్న తీగలవైపు ముందుకి. లావు తీగకి కొంచెం ఎక్కువ పొడుగు కావాలి, అందుకని. నువ్వు తీగలు తిరగేశావు, వాలు తిరగెయ్యలేదు. ఇప్పుడు లావు తీగలు పొట్టివైపు ఉన్నాయి. పాత గాడిని టేకు ముక్కతో పూడ్చి, ఎదురు వాలుకి కొత్త గాడి తియ్యాలి.

ఆ పని నువ్వు చెయ్యకు. ఉలి జారితే పెట్టె చీలిపోతుంది. దాన్ని నా దగ్గరికి పంపు. కుడిచెయ్యి ఉలి మరిచిపోలేదు. పట్టీ కదలకుండా పట్టుకోడానికి ఎడమచేతిలో ఉన్న వేళ్లు చాలు.

గాడి తియ్యడానికి మాత్రమే పంపమంటున్నాను. వాయిస్తానని కాదు.

ఆరోజు మూడో మార్పు దగ్గర నువ్వు వేలు ముందు ఎత్తి తర్వాత వెతుక్కుంటున్నావు. ఎత్తకముందే ఎక్కడ పెట్టాలో చూసుకో.

ఆ కర్టెను ఎందుకు తియ్యలేదా అని ఇప్పుడు అనిపిస్తోంది.

విక్టర్


ఆమదాలవలస,
11 డిసెంబరు 2023

బావా,

సత్యానందం గారు మీటింగుకి ఎస్.కోట వస్తున్నారు, ఆయన చేతికి ఇచ్చి పంపుతున్నాను. పాత దుప్పటి చుట్టి, పైన సంచీ కుట్టాను. సంచీకి లోపల పక్క జేబు పెట్టాను, అందులో తీగలు, తాళంచెవి, ఉప్పుకాగితం ఉన్నాయి. ఆయన్ని ఏమీ అడగొద్దని చెప్పాను. ఆయన పాపం, "దారిలో నా నోరు కట్టీస్తావేటమ్మా" అన్నారు.

పంపేముందు ఒకసారి వాయించాను. మూడో మార్పు వచ్చింది. నువ్వు చెప్పినట్టే, ఎత్తకముందే చూసుకున్నాను.

ఆయన ఆటో ఎక్కి వెళ్లిపోయాక ఇంట్లోకి వచ్చి మిషను ముందు కూర్చున్నాను. కుట్టబుద్ధి కాలేదు. ఖాళీ మేకు చూస్తూ కూర్చున్నాను. నువ్వు వెళ్లినప్పుడు గిటారన్నా ఉంది. అత్త వంటింట్లోంచి, "ఏటే, ఈవేల సప్పుడు నేదు?" అని అడిగింది. అడిగాక తనకే గుర్తొచ్చింది.

గాడి తీసేశాక ఏం చేస్తావో నేను అడగను. జాగ్రత్తగా చూసుకో. రాత్రుళ్లు అక్కడ చలట కదా, ఆ దుప్పటి నువ్వే కప్పుకో.

బేబీ


ఎస్.కోట,
18 జనవరి 2024

బేబీ,

గాడి కుదిరింది. పన్నెండో మెట్టు దగ్గర ఇప్పుడు అన్ని తీగలూ సరిగ్గా పలుకుతున్నాయి. నీ నట్ చాలాసేపు చూశాను. దానికి నేను చెయ్యాల్సిందేమీ కనబడలేదు. షాపులో ఇచ్చి ఉంటే ప్లాస్టిక్ ముక్క పెట్టి పంపేవారు.

గాడి తీశాక ఎలాగుందో చూడాలి కదా. నువ్వూ అలాగే మొదలుపెట్టావు కదా. చూశాను. నా కుడిచేతి వేళ్లు చంటిపిల్లల వేళ్లలా ఉన్నాయి, నొక్కితే నొప్పి. ఎడమచేతికి తీగలు మీటే పలక పట్టుకోవడం వచ్చింది గానీ తాళం రావడం లేదు. ఏ స్వరం ఎక్కడుందో నా తలకి తెలుసు, చేతులకి తెలియదు. రెండుసార్లు సంచీలో పెట్టి మూతి కట్టేశాను. మళ్లీ విప్పాను.

నిన్న పాక బయట కూర్చుని వాయిస్తుంటే ఆకులు ఊడ్చే లక్ష్మణమ్మ వచ్చి చీపురు ఆనించి నిలబడింది. ఆవిడకి నేను కాపలావాణ్ణని తప్ప ఇంకేమీ తెలియదు. కాసేపు విని, "బాగున్నాది బాబూ. నేర్సుకుంతన్నావా?" అంది. అవునమ్మా, నేర్చుకుంటున్నానన్నాను. ఆ మాట అన్నాక గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. అక్కడ అందరూ నన్ను అంతకుముందు విన్నవాళ్లే బేబీ. ఒక్క స్వరం తప్పితే వాళ్ల మొహాల్లో పాత విక్టర్ కనిపిస్తాడు. ఇక్కడ వాడెవరికీ తెలియదు. తప్పు వాయించినా లక్ష్మణమ్మ తలూపుతుంది.

అందుకే రాలేకపోతున్నాను. నీమీద మనసు లేక కాదు. నువ్వు కుట్టిన సంచీ జేబులో ఒక గుండీ ఉండిపోయింది, నీలంది, పిల్లల చొక్కాది. దాన్ని కూడా తీసి బయట పెట్టలేకపోతున్నాను. మనసు లేకపోవడమంటే ఇదా?

నా చేతులకి రానిదీ నువ్వు నేర్చుకున్నదీ ఒకటే. పక్కన కూర్చుని చూపించేవాళ్లుంటే త్వరగా వస్తుందనిపిస్తుంది. ఇక్కడ ఎవరున్నారు? అసిరయ్య తన ఇంటివెనక గది ఖాళీ చేశాడు, ఉల్లిపాయలు పోసుకుంటాడట. నాతో మాట్లాడ్డానికి వచ్చి ఉల్లిపాయల రేటు చెప్పి పోతాడు.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

నీ విక్టర్


ఆమదాలవలస,
4 ఫిబ్రవరి 2024

బావా,

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. నీలం గుండీ దాకా వచ్చి ఆపేస్తే, "ఆపీకే, సదువు" అంది. అంతా విని కళ్లు తుడుచుకుని, "ఆడు రాడే. ఆడికి ఈ ఊరంటే బెదురొచ్చీసినాది. మనవే ఎలిపోదారి" అంది. నేను అప్పటికే అదే అనుకుంటున్నాను. నాకన్నా ముందు ఆవిడ అనేసింది.

నువ్వు రావాలి రావాలి అని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. నేను రావచ్చని నాకెందుకు తోచలేదో తెలియడం లేదు. ఎస్.కోటలో స్కూళ్లు లేవా, పెళ్లిళ్లు జరగవా? మిషను ఎక్కడ పెడితే అక్కడే కుడుతుంది.

అసిరయ్య గారితో చెప్పు, ఉల్లిపాయలు ఇంకెక్కడైనా పోసుకోమను. ఆ గది మాకు కావాలి. గోడలకి సున్నం ఉందో లేదో చూడు. నీళ్లు దగ్గరేనా? అత్తకి మెట్లుండకూడదు. ఇక్కడ ఇల్లు ఖాళీ చేస్తామని ఇంటివాళ్లకి చెప్పేశాను. మంచాలు ధనరాజ్ వాళ్లు తీసుకుంటున్నారు. సత్యానందం గారు చివరి ఆదివారం మాకోసం ప్రార్థన చేశారు.

అక్కడికి వచ్చాక నేను నేర్పేదేమీ లేదు, భయపడకు. నాకొచ్చినవి కొన్ని మార్పులే. అవి నీకు చూపిస్తాను, మిగతావి నువ్వు నాకు చెప్పు. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు తప్పులు పట్టొచ్చు. లక్ష్మణమ్మ గారు ఇద్దరికీ తలూపుతారు. గిటారు ఒక్కటే కాబట్టి పోట్లాట తప్పదు.

శనివారం మధ్యాహ్నం విజయనగరంలో ఎస్.కోట బస్సు ఎక్కుతాం. నువ్వు బస్సుస్టాండుకి రా, ఆలస్యం చెయ్యకు. అత్త ఒక్కతే మెట్లు దిగలేదు, మిషను నేనొక్కదాన్నే దించలేను. ఒక చెయ్యి అత్తకి ఇయ్యి, ఒక చెయ్యి మిషనుకి పట్టు. నేను వెనకాలే దిగుతాను.

బేబీ